రెండు ఇంజిన్లు ఆగిన రోజు

మా ఆయన హార్లన్‌ని పూడ్చిపెట్టిన రోజున లోయలో ఇంజిన్లన్నీ ఆగిపోయాయి. ముందు మాది ఆపారు. తర్వాత కొండకి అవతల ఉన్న క్లింగర్ ఇంజిన్ ఆగింది. అక్కడి నుంచి వాగు వెంబడి కిందికి ఒకటొకటిగా ఆగుతూ పోయాయి. చివరికి రంపపు మిల్లు దగ్గరి ఇంజిన్ కూడా ఆగాక, వాన వెలిసి ఆకుల మీంచి చుక్కలు రాలుతున్న చప్పుడు వినిపించింది. ఆ కొండ మీద అన్నేళ్ళు కాపురం చేసినా ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

చమురు లీజుల మీద, అంటే కంపెనీ బావులున్న జాగాల్లో, మా ఆచారం అది. చావు జరిగిన ఇంట్లో ఇంజిన్ ఆపేస్తారు. కబురు అందగానే పక్క లీజువాడు తనదీ ఆపుతాడు. ఒక ఇంజిన్ ఆగితే ఎవరూ పట్టించుకోరు. బెల్టు తెగి ఉండొచ్చు, చలికి మొరాయించి ఉండొచ్చు. పక్కపక్కన ఉన్నవి రెండు ఆగితే మాత్రం అది చావే. ఇక ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. విన్నవాడు విన్నట్టు తన ఇంజిన్ ఆపి, మంచి కోటు వేసుకుని బయలుదేరతాడు.

పూడ్చి వచ్చాక క్లింగర్ మా షెడ్డులోకి వెళ్ళాడు. ఆ ఇంజిన్ని మళ్ళీ నడిపించాలంటే మనిషి ఎత్తున్న ఇనప చక్రాన్ని కాలితో తొక్కి తిప్పాలి. హార్లన్ భారీ మనిషి కాబట్టి ఒక్క తొక్కుతో తిప్పేవాడు. నేను ఎంత ఎగిరి తొక్కినా అది కాస్త కదిలి వెనక్కి వచ్చేది. క్లింగర్ చక్రం తిప్పి, చేతులు తుడుచుకుని, టోపీ పెట్టుకున్నాడు.

"మీరొక్కరే దీని జోలికి వెళ్ళకండి, మిసెస్ స్ట్రౌప్. వెనక్కి తన్నిందంటే ఎముక మిగలదు."

అంత మాట అని కొండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు టీగ్ వచ్చాడు. కంపెనీ తరఫున లోయలో లీజులన్నీ చూసుకునేది ఆయనే. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీకు చుట్టాలెవరైనా ఉన్నారా?"

"ఈరీ పట్నంలో మా ఆడపడుచు ఉంది."

"మంచిదే కదా."

"ఆవిడ బోర్డింగ్ హౌస్ నడుపుతుంది. బట్టలుతకడానికి మనిషి కావాలంటోంది. నేను వెళ్ళను, మిస్టర్ టీగ్. హార్లన్ మంచం పట్టినప్పట్నుంచీ ఇంజిన్ చూస్తున్నది నేనే. ట్యాంకులో చమురు తగ్గిందా?"

"తగ్గలేదు."

"మరింకేం?"

"పంపు పనికి ఆడమనిషిని పెట్టానంటే ఆఫీసులో అందరూ నా మొహం మీదే నవ్వుతారమ్మా."

ఇల్లు కంపెనీది. పని ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. కొండ వెనక హార్లన్‌ని పెట్టిన జాగా కూడా కంపెనీ నేలే. అక్కణ్ణుంచి పోతే నాకు ఉతుకుడు తొట్టి తప్ప ఇంకో దారి లేదు. ఆ సంగతి నేను పైకి అనలేదు. టీగ్‌కి మాత్రం అర్థమైనట్టుంది. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సరే. మనిషి దొరికేవరకు ఉండండి. కానీ ఒక్క మాట. నేను వచ్చినప్పుడు ఇంజిన్ ఆగి కనిపించిందా, ఆ రోజే మీ సామానుకి బండి పంపిస్తాను."

అందుకని నేను దాన్ని ఆగనివ్వలేదు. నడుస్తుండగానే నూనె పోసేదాన్ని, నడుస్తుండగానే తుడిచేదాన్ని. మా షెడ్డులోంచి ఇనప కడ్డీలు అడవిలోకి నాలుగు వైపులా పోయేవి. ఒక్కో కడ్డీ చివర ఒక్కో బావి. ఇంజిన్ లాగినప్పుడు కడ్డీ ఇటు, వదిలినప్పుడు అటు. కడ్డీలన్నీ చెట్ల మధ్య రోజంతా మూలుగుతూ కదులుతుంటే, వాటి చివర బావుల మీది పంపులు తలలు ఊపేవి. నేను నూనె డబ్బా పట్టుకుని కడ్డీల వెంట తిరిగేదాన్ని. చమురు ఊరడం ఆగిన బావికి కొక్కెం తప్పించి విశ్రాంతి ఇచ్చేదాన్ని. మళ్ళీ ఊరాక తగిలించేదాన్ని.

ఒక్క మాటైనా మాట్లాడని రోజులు ఎన్నో గడిచాయి. ఒకసారి గుడ్డు పగిలితే "అయ్యో" అన్నాను. ఆ గొంతు ఎవరిదా అని ఉలిక్కిపడ్డాను.

ఇంజిన్ పొగగొట్టం మూతికి మేము ఒక ఇనప బుడ్డి బిగించేవాళ్ళం. దాన్ని మొరుగుడు బుడ్డి అనేవాళ్ళు. పంపు మనిషి ఏ మూల ఏ బావి దగ్గరున్నా తన ఇంజిన్ నడుస్తోందో లేదో తెలియాలి కదా. ఎవరికి వాళ్ళు ఆ బుడ్డికి తమకి నచ్చినట్టు చిల్లులు పెట్టుకునేవాళ్ళు. అందుకని ఏ రెండు ఇంజిన్ల గొంతులూ ఒకలా ఉండేవి కావు. హార్లన్ పెట్టిన గొంతు లావుది, గుండెల్లోంచి దగ్గినట్టుండేది. క్లింగర్‌ది సన్నది, కోపిష్టి కుక్క అరుపులా ఉండేది. రాత్రీ పగలూ కొండకి ఇవతల నాది, అవతల ఆయనది.

క్లింగర్‌కి కూడా ఎవరూ లేరు. మా పెళ్ళికి ముందు నుంచీ ఆ లీజు మీద ఒంటరిగానే ఉన్నాడు. ఆయన అలవాట్లన్నీ నాకు ఆ ఇంజిన్ వల్లే తెలిశాయి. బావులు తగిలించి ఉంటే ఇంజిన్‌కి బరువు ఎక్కువ, మొరుగుడు దగ్గర దగ్గరగా పడుతుంది. బావులు తప్పిస్తే బరువు తగ్గి దూరం దూరంగా పడుతుంది. మధ్యాహ్నం భోజనానికి ముందు ఆయన కొన్ని బావులు తప్పించేవాడు. అరుపు పలచబడేది. అది వినగానే నేనూ పళ్ళెం తీసుకుని కూర్చునేదాన్ని. ఎందుకలా మొదలుపెట్టానో నాకే తెలియదు. ఒక్కదాన్నే తినడం కంటే అది నయంగా ఉండేది.

మేము మాట్లాడుకున్నది వెస్ బోసర్ నోటి ద్వారానే. వెస్ కింద లోయలో లీజు చూసుకుంటూ, వారానికోసారి తన బండి మీద లీజులన్నిటికీ పిండి, బొగ్గు, గ్రీజు తెచ్చేవాడు. మనిషిలో పెద్ద నోరు తప్ప మరే లోపం లేదు.

"క్లింగర్ మీకు కబురు పంపాడండోయ్," అన్నాడు ఒకరోజు పిండి బస్తా దించుతూ.

"ఏమని?"

"మీ ఇంజిన్ గొంతులో ఏదో అడ్డం పడిందట. ముసలి గుర్రం దగ్గినట్టు దగ్గుతోందట. వినలేక చస్తున్నాడట."

"బుడ్డిలో మసి పట్టింది. రేపు గీకుతానని చెప్పు. ఆయన ఇంజిన్ తోక తొక్కిన కుక్కపిల్లలా అరుస్తుంటే నేనేమైనా అంటున్నానా అని కూడా అడుగు."

వెస్ పగలబడి నవ్వాడు. "మీరిద్దరూ కొండెక్కి ఎదురుబొదురుగా నిలబడి తిట్టుకోవచ్చు కదా. నా గుర్రాలకి ఈ తిట్ల బరువైనా తప్పుతుంది."

మర్నాడు బుడ్డి గీకాను. ఆ పైవారం క్లింగర్ ఏ కబురూ పంపలేదు. అంటే బాగుందన్నమాట.

మంచు బాగా పడ్డాక వెస్ ఇంకో కబురు తెచ్చాడు. "టీగ్ శుక్రవారం మీ లీజుకి వస్తున్నాడు. ఎందుకో చెప్పలేదు. షెడ్డు శుభ్రంగా ఉంచుకోండి. ఆయన మనిషిని చూడడు, నేల మీద గ్రీజు మరకలు చూస్తాడు."

శుక్రవారం పొద్దున్నే లేచి షెడ్డు నేల ఇసుకతో రుద్దాను. ఇత్తడి కప్పులు మెరిసేలా తుడిచాను. ఇంజిన్ ఆ రోజు ఎంత బుద్ధిగా నడిచిందో చెప్పలేను. ఇంట్లోకి వచ్చి ఎండు ఆపిల్ ముక్కలు నానబెట్టి కేకు చేశాను. మంచి ఏప్రన్ కట్టుకున్నాను. టీగ్ భోజనాల వేళ దాటాక వస్తాడని వెస్ చెప్పాడు. నేను బీన్సు, ఉప్పు పంది మాంసం వేడి చేసి, పళ్ళెం చేతిలో పట్టుకుని క్లింగర్ అరుపు పలచబడటం కోసం చూస్తున్నాను.

పలచబడలేదు.

ఇంజిన్ బాగానే నడుస్తోంది. దగ్గర దగ్గరగా, పొద్దున ఎలా ఉందో అలాగే. పని ఏదో తెమల్లేదేమో అనుకున్నాను. బీన్సు చల్లారిపోయాయి. మళ్ళీ వేడి చేశాను. గుమ్మంలోకి వెళ్ళి విన్నాను. లోయలో మిగతా ఇంజిన్లన్నీ మామూలుగా మోగుతున్నాయి. క్లింగర్‌దీ మోగుతోంది. వినేవాడు ఎవడైనా సరే, అంతా క్షేమం అనే అంటాడు. నేను కూడా ఇంతకు ముందైతే అలాగే అనుకునేదాన్ని.

కిందికి, బండి దారి వైపు చూశాను. టీగ్ ఇంకా కనబడలేదు. ఆయన వచ్చేసరికి నేను ఇంట్లో లేకపోతే ఏమంటాడో నాకు తెలుసు. క్లింగర్ దగ్గరికి వెళ్ళి తలుపు కొడితే, ఆయన నోట్లో ముద్ద పెట్టుకుని "ఏం కొంప మునిగిందని వచ్చారు?" అంటాడేమో. అదీ తెలుసు. ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించాను. మళ్ళీ కట్టుకున్నాను. చివరికి దాని మీదే హార్లన్ కోటు తొడుక్కుని, ఇంజిన్‌ని అలాగే నడవనిచ్చి, కొండెక్కాను.

క్లింగర్ ఇంట్లో లేడు. షెడ్డులోనూ లేడు. ఇంజిన్ ఒక్కటే తన పని తను చేసుకుపోతోంది. పిలిచాను. నా గొంతు నాకే వినపడలేదు. షెడ్డు బయట మంచులో ఒకే ఒక అడుగుల జాడ ఉత్తరం వైపు కడ్డీ వెంట పోయింది. దాన్ని పట్టుకుని వెళ్ళాను. నా పక్కనే కడ్డీ ముందుకీ వెనక్కీ జరుగుతూ మంచుని కోస్తోంది.

బావి దాటాక ఒక గోయి ఉంది. దాని గట్టు కింద మంచులో పడుకుని ఉన్నాడు. ఈడ్చుకుంటూ వచ్చిన జాడ గోతిలోంచి గట్టు దాకా ఉంది. గట్టు దాటలేకపోయాడు.

"ఎవరది?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నేను, లవీనా స్ట్రౌప్‌ని."

"ఆలస్యంగా వచ్చారు. భోజనం చల్లారిపోయింది."

"కాలు ఏమైంది?"

"నాతో రానంది. కొక్కెం తప్పిస్తుంటే జారి పడ్డాను. విరిగిన చప్పుడు కూడా విన్నాను."

"అరవలేకపోయారా?"

"అరిచాను. నా కుక్క నాకంటే గట్టిగా అరుస్తుంది మరి." కళ్ళు తెరిచి నన్ను చూశాడు. "పొద్దుట్నుంచీ పడుకుని వింటున్నాను, మిసెస్ స్ట్రౌప్. క్లింగర్ బాగున్నాడు, క్లింగర్ బాగున్నాడు అని లోయంతటికీ చెబుతూనే ఉంది. ఒక్కసారి చచ్చిందంటే నేను బతుకుతాను. అది చావదు. దాన్ని అంత బాగా పెట్టుకున్నది నేనే."

చంకల కింద చేతులు వేసి లాగి చూశాను. ఆయన ఒక్క కేక పెట్టి తెలివి తప్పాడు. మనిషి గట్టు ఎక్కలేదు. పరిగెత్తి ఆయన షెడ్డులోకి వెళ్ళి, ఇంజిన్‌కి గ్యాసు వచ్చే గొట్టం తాళం మూశాను. చక్రం తిరిగి తిరిగి ఆగింది. చలికి పగలకుండా లోపలి నీళ్ళు వదిలేశాను. ఆయన ఇంట్లోంచి దుప్పట్లు, కాఫీ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. దుప్పట్లలో చుట్టి, తల నా ఒళ్ళో పెట్టుకుని, తెలివి వచ్చాక కాఫీ కొంచెం కొంచెం పోశాను. ఒక్కటే ఆగితే పట్టించుకోరని తెలిసినా, ఎవరో ఒకరు వస్తారేమోనని కూర్చున్నాను.

ఎవరూ రాలేదు. కింద బోసర్ ఇంజిన్ హాయిగా మోగుతూనే ఉంది.

"రారు," అన్నాడు క్లింగర్. "చలికి ఆగిపోయింది, క్లింగర్ చక్రం తొక్కుతూ బూతులు తిడుతుంటాడని నవ్వుకుంటూ ఉంటారు. వెస్ అయితే ఆ బూతులు పలికి కూడా చూపిస్తుంటాడు."

"బోసర్ వాళ్ళింటికి నడిచి వెళ్తాను."

"ఈ మంచులో మీరు చేరేసరికి చీకటి పడుతుంది. వాళ్ళు వచ్చేసరికి నేను కట్టెనవుతాను."

దుప్పటి అంచు ఆయన మెడ కిందికి దోపాను. కొండ అవతల నుంచి నా ఇంజిన్ దగ్గు వినిపిస్తోంది. అక్కడ కూర్చుని వింటే అంత స్పష్టంగా వినబడుతుందని నాకు అంతవరకూ తెలియదు.

"ఇవాళ టీగ్ వస్తాడు కదా," అన్నాడు.

"మీకెవరు చెప్పారు?"

"ఇంకెవరు?"

"అవును, వస్తాడు."

"అయితే బోసర్ ఇంటికే వెళ్ళండి. నేను ఆగుతాను." పెదవులు నీలంగా మారి మాట ముద్దగా వస్తోంది. "మీరు దాన్ని మళ్ళీ తిప్పలేరు."

నేను నా కోటు కూడా తీసి ఆయన మీద కప్పి లేచాను. కొండెక్కుతున్నంతసేపూ నాకు ఏ ఆలోచనా లేదంటే అది అబద్ధం. ఉతుకుడు తొట్టి గుర్తొచ్చింది. ఆడపడుచు మేడ మెట్లు గుర్తొచ్చాయి. హార్లన్ సమాధి మీద నేను లేకపోతే ముళ్ళకంపలు తియ్యడానికి ఎవరు వస్తారన్నది గుర్తొచ్చింది. క్లింగర్ మీద కోపం కూడా వచ్చింది, ఇవాళే జారి పడాలా అని.

మా షెడ్డు వెచ్చగా ఉంది. ఆ కొండ మీద నాతో పాటు బతికున్నది అదొక్కటే. గ్యాసు తాళం మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. ఇంకాసేపు నిలబడితే మూయలేనని తెలిసి మూసేశాను. దగ్గు ఆగింది. చక్రం మాత్రం చాలాసేపు తిరిగింది. చలికి గడ్డకట్టకుండా దీని కడుపులోని నీళ్ళు కూడా వదిలేశాను. వేడి నీళ్ళు, ఇసుకతో నేను రుద్దిన నేలంతా పారాయి.

తిరిగి కొండ మీదికి చేరేసరికి బోసర్ ఇంజిన్ ఆగింది. తర్వాత దాని కిందిది. ఆ తర్వాత వాగు మలుపు దగ్గరిది. నేను అక్కడే నిలబడి విన్నాను. చావు కబురు లోయ వెంట దిగుతూ పోతోంది, ఇంకా చావని మనిషి కోసం. మిల్లు దగ్గరిది కూడా ఆగాక, కొమ్మల మీంచి మంచు జారి పడే చప్పుడు తప్ప ఏదీ లేదు.

ముందుగా వచ్చింది వెస్. పని బట్టల మీద నల్ల కోటు, మెడకి తెల్ల కాలరు. వెనక వాళ్ళావిడ డెల్లా, చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. వాళ్ళ వెనక ఇంకో నలుగురైదుగురు మగవాళ్ళు, ఒకడి భుజాన పార, ఇద్దరి భుజాల మీద పలకలు. అందరూ నన్ను చూసి టోపీలు తీశారు. తర్వాత కింద పడుకున్న క్లింగర్‌ని చూశారు. క్లింగర్ ఒక కన్ను తెరిచాడు.

"ఎవరు పోయారు?"

వెస్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ నోరు అలా ఊరికే తెరిచి ఉండటం నేను చూసింది అదొక్కసారే. "నువ్వే కదరా!" అన్నాడు చివరికి. "దారంతా నీ మంచితనం చెప్పుకుంటూ వచ్చాం. అంతా దండగైపోయింది."

"ఏడుపు మొహం ఒక్కటీ కనబడదేం?"

"చలికి కన్నీళ్ళు గడ్డకట్టాయి. నువ్వెలాగూ నాకు పొగాకు బాకీ ఉన్నావు, సగం ఏడుపు దానికే."

"మీ సరసాలు తర్వాత!" అని డెల్లా కసిరింది. "పెట్టెకని పలకలు తెచ్చారుగా, వాటి మీదే పడుకోబెట్టండి. లవీనా, నీ కోటు ఏదే? ఈ చలిలో ఉత్త ఏప్రన్‌తో నిలబడ్డావా! పిచ్చిదానివా?"

మేకులు కొట్టకుండానే ఆ పలకల్ని బెల్టులతో కట్టి, వాటి మీద క్లింగర్‌ని ఎత్తారు. ఎత్తినప్పుడు ఆయన అరవకుండా పళ్ళు బిగించాడు. నా కోటు నాకిచ్చేశారు. నా పక్కగా మోసుకుపోతుంటే తల తిప్పి చూశాడు.

"మీది?"

"ఆపాను."

మొహం అవతలికి తిప్పుకున్నాడు.

"నేను రేపు పొద్దున్నే వచ్చి మీ చక్రం తిప్పుతాను," అన్నాడు వెస్. "ఇప్పుడు వీణ్ణి డాక్టర్ దగ్గరికి చేర్చకపోతే తెచ్చిన పార వృథా కాదు."

వాళ్ళు కిందికి దిగారు. డెల్లా గిన్నె నా చేతిలో పెట్టి వాళ్ళ వెనకే పరిగెత్తింది. నేను కొండెక్కాను. సగం దారిలో ఉండగా మా ఇంజిన్ దగ్గింది. నిలబడిపోయాను. ఇంకోసారి దగ్గింది. తర్వాత మామూలుగా, ఏమీ జరగనట్టు, దగ్గర దగ్గరగా మొదలుపెట్టింది. అలాంటి క్షణంలో మనసు ఎటు పోతుందో చెప్పడానికి నాకు సిగ్గు. అటే, హార్లన్ వైపే, పోయింది. డెల్లా గిన్నె ఒలికిపోతున్నా చూసుకోకుండా నడిచాను.

షెడ్డులో ఒక కుర్రాడు ఇంజిన్ కప్పుల్లో నూనె పోస్తున్నాడు. పెద్ద భుజాలు, ఎర్రటి మెడ. నన్ను చూసి టోపీ తీశాడు. "హోబర్ట్ ఫ్రై, అమ్మా. నీళ్ళు వదిలేసి మంచి పని చేశారు. లేకపోతే పగిలిపోయేది. ఒక్క తొక్కుతో తిరిగింది."

టీగ్ వంటింట్లో కూర్చుని ఉన్నాడు. కేకు ముట్టుకోలేదు.

"లోయంతా ఆపేశారు!" అన్నాడు. "దారిలో గుర్రం కూడా ఆగిపోయింది, ఆ నిశ్శబ్దానికి బెదిరి. ఎవరు పోయారోనని నేనూ టోపీ తీశాను."

"ఎవరూ పోలేదు. క్లింగర్ కాలు విరిగి మంచులో పడ్డాడు."

"ఏమిటీ! బతికున్నవాడికి అంత్యక్రియలా, మిసెస్ స్ట్రౌప్?"

"ఆపకపోతే నిజంగానే చెయ్యాల్సి వచ్చేది."

ఆయన బల్ల మీద వేళ్ళతో తట్టాడు. "దాని గురించి కాదులెండి. ఈ అబ్బాయిని పోయిన వారమే కుదుర్చుకున్నాను. వాళ్ళావిడ సామానుతో రేపు వస్తోంది. ఆ మాట చెప్పడానికే ఇవాళ వచ్చాను."

"అంటే ఇంజిన్ నడుస్తూ ఉన్నా సరే..."

"నడుస్తూ ఉన్నా సరే. మనిషి దొరికేవరకు అన్నాను కదా. దొరికాడు."

నేను కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టాను. కప్పులు తీశాను. ఫ్రైని కూడా లోపలికి పిలిచి, ముగ్గురికీ కేకు కోశాను. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఫ్రై కేకు రెండు ముక్కలు తిని, చాలా బాగుందన్నాడు. మంచి కుర్రాడే. పొయ్యి పొగ వస్తుందా అనీ, మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలనీ అడిగాడు. అన్నీ చెప్పాను.

బయట లోయలో ఇంజిన్లు మళ్ళీ ఒకటొకటిగా అందుకుంటున్నాయి. టీగ్ కప్పు పట్టుకుని వింటున్నాడు. లీజులు చూసుకునేవాడికి ఆ చప్పుడే డబ్బు.

"ఒకటి తక్కువ ఉందే," అన్నాడు.

"క్లింగర్‌ది. తిప్పడానికి అక్కడెవరున్నారు?"

ఆయన కప్పు దించాడు. నా వైపు చూడలేదు, కిటికీ వైపు చూశాడు. "ఆ కాలు ఇక పనికి రాదంటారా?"

"రాదు."

"బావుల్లోకి ఉప్పు నీళ్ళు చేరతాయి, వదిలేస్తే." ఇంకాసేపు కిటికీ వైపే చూశాడు. "అక్కడికి మనిషి దొరికేవరకు మీరు..."

"చక్రం నేను తిప్పలేను."

"ఫ్రై వచ్చి తిప్పి వెళ్తాడు. ఆపకుండా చూసుకోండి."

మర్నాడు నా సామాను మంచు మీద లాగుడు బల్ల మీద వేసుకుని, కొండ దాటాను. ఫ్రై బరువైనవి మోసిపెట్టాడు, చక్రం తిప్పాడు, వాళ్ళావిడ వచ్చే వేళైందని పరుగున వెళ్ళిపోయాడు.

క్లింగర్ ఇంట్లో ఒక మంచం, ఒక పళ్ళెం, ఒక కప్పు ఉన్నాయి. కుర్చీ కూడా ఒక్కటే. అది పొయ్యి దగ్గర లేదు, మా కొండ వైపు గోడకి ఆనుకుని ఉంది. అంత చలిలో ఎవరైనా అక్కడ ఎందుకు కూర్చుంటారా అని దాన్ని పొయ్యి దగ్గరికి లాగాను. సాయంత్రం పని ముగించుకుని వచ్చి కాళ్ళు వెచ్చబెట్టుకున్నాను. పొయ్యి చిటపటల్లో ఏమీ వినపడలేదు. కాసేపటికి కుర్చీని మళ్ళీ గోడ దగ్గరికి తీసుకెళ్ళాను.

అక్కడ కూర్చుంటే హార్లన్ ఇంజిన్ బాగా వినిపించింది. ఫ్రై ఎప్పుడు బావులు తప్పిస్తాడో, ఎప్పుడు తగిలిస్తాడో ఒక పద్ధతి లేదు. కొత్త కాపురం. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు అసలే లేదు. దాన్ని బట్టి ఆ ఇంట్లో ఎప్పుడు తింటున్నారో, ఎప్పుడు పడుకుంటున్నారో తెలుసుకోవడం నా వల్ల కాలేదు.

పై వారం వెస్ బండి వచ్చింది. పిండి బస్తా దించి, నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"క్లింగర్ కాలు మోకాలి దాకా తీసేశారండి. ప్రాణానికి భయం లేదట. మీడ్‌విల్‌లో వాళ్ళ అక్క తీసుకెళ్ళింది. నేనే రైలెక్కించాను."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు, తిట్టాడు. పలకలు సరిగ్గా బిగించలేదని నన్ను, బల్ల పొడుగు చాలలేదని రైలుని. డాక్టర్ దగ్గరున్నప్పుడు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదట. ఊళ్ళో మరీ నిశ్శబ్దంగా ఉందట." వెస్ టోపీ చేతుల్లో తిప్పాడు. "వచ్చే వారం అటు వెళ్ళే పనుంది. ఆయన అడుగుతాడు, మీరెలా ఉన్నారని. ఏం చెప్పమంటారు?"

పిండి బస్తా లోపలికి లాక్కుంటూ ఆలోచించాను. చాలా ఉంది చెప్పడానికి. వెస్ నోట్లోంచి బయటపడే సరికి ఏది ఎలా మారుతుందో తెలియదు.

"ఇంజిన్ నడుస్తోందని చెప్పు."

"అంతేనా?"

"అంతే."

వెస్ బండెక్కి గుర్రాలని అదిలించాడు. మళ్ళీ ఆ బండి వచ్చేదాకా నేను మనిషితో మాట్లాడిన ఆఖరి మాట అదే.